మంగళవారం వర్కౌట్ అవుతుందా?

ఉత్తరం:

"నమస్కారమండీ. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. పదకొండేళ్లుగా ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. ఈమధ్యే నన్ను వేరే దేశం టీమ్‌తో మాట్లాడే సెక్షన్‌లో వేశారు. మొదటి వారంలోనే అక్కడి ఆయన ఒకరు 'డజ్ ట్యూజ్‌డే వర్క్ ఫర్ యూ?' అని మెయిల్ పెట్టారు. మంగళవారం మీకు పనుంటుందా అని అడుగుతున్నారనుకున్నాను. ఉండదంటే పనీపాటా లేనిదాన్ననుకుంటారేమోనని, మంగళవారం నాకు లాట్ ఆఫ్ వర్క్ ఉందని రాశాను. ఆయన బుధవారం సంగతి అడిగారు. అదే జవాబిచ్చాను. గురువారం అడిగారు. అప్పుడూ అదే. చివరికి ఆయన మా మేనేజర్‌కి రాశారట, ఈవిడకి ఈ వారం అస్సలు ఖాళీ లేనట్టుంది, వచ్చేవారం చూద్దామని. సంగతి తెలిశాక ఆఫీసంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంట్లో ఇంకో గొడవ. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, బరువు నెత్తిన పెట్టుకుని గంటసేపు నిలబడినా వర్క్ సున్నా అని సైన్స్ పుస్తకంలో ఉందమ్మా, ఇదేం అన్యాయం అంటోంది. ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటండీ? మొత్తం ఎన్ని ఉన్నాయో లిస్ట్ ఇస్తే బట్టీ పట్టేస్తాను. ఇంతకీ ఆ పెద్దాయనకి ఇప్పుడు సారీ చెప్పాలా, వద్దా?"

సమాధానం:

అమ్మా, లిస్ట్ మాత్రం ఇవ్వను. ఏ డిక్షనరీ లెక్క దానిదే. ఒకటి రెండు అర్థాలని కలిపి ఒకటే అంటుంది, ఇంకొకటి ఒకే అర్థాన్ని మూడుగా చీలుస్తుంది. ఆ మాటకొస్తే ఇంగ్లీషులో ఈ వర్క్ అనేది అంత పెద్ద ఘటమేమీ కాదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద నిఘంటువు 1989 కూర్పులో అన్నిటికన్నా ఎక్కువ చోటు తిన్నది 'సెట్' అనే బుల్లి మాట. అర్థాలు బట్టీ పట్టడం మొదలుపెడితే మనం దాని దగ్గరే ముసలివాళ్లమైపోతాం.

ముందు మీ మంగళవారం సంగతి చూద్దాం. మిమ్మల్ని బోల్తా కొట్టించిన ఆ అర్థం మీకు కొత్తదేమీ కాదు. "ఆ ప్లాన్ వర్కౌట్ అవ్వదులే" అని మీరు ఎన్నోసార్లు అని ఉంటారు. వర్కౌట్ అవ్వడమంటే అక్కడ ఎవరూ చెమటోడ్చి పని చెయ్యరు. కుదరడం, అంతే. ఆయన అడిగిందీ అదే, మంగళవారం మీకు కుదురుతుందా అని. మాట్లాడేటప్పుడు తెలుగులో కలిపి ఇన్నేళ్లుగా మీరు వాడుతున్న మాటే, మెయిల్‌లో ఇంగ్లీషు వాక్యంలో కూర్చోగానే పరాయిదైపోయింది. ఎందుకంటే ఇంగ్లీషు వాక్యం కనబడగానే మనలో ఒక బడిపిల్ల లేస్తుంది. వర్క్ అంటే పని అని, చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేస్తుంది.

ఆ ఎక్కం పూర్తిగా తప్పు కూడా కాదు, అదే చిక్కు. ఇప్పుడు మీ ఇంగ్లీషాయన తెలుగు నేర్చుకుంటున్నాడనుకోండి. పని అంటే వర్క్ అని ఆయనా రాసుకున్నాడు. ఎవరో "వాడి పని అయిపోయింది" అన్నారు. పాపం, పని ముగించుకుని హాయిగా ఇంటికెళ్లాడు కాబోలు అనుకుంటాడు. "నీ పని పడతా" అంటే, ఎంత మంచివాడు, నా పనిలో చెయ్యి వేస్తానంటున్నాడని సంతోషిస్తాడు. పనిగట్టుకుని వచ్చాడు, పనిలో పనిగా చూసి వెళ్లాడు, ఇక్కడ నీకేం పని, ఇది దేనికీ పనికిరాదు, ఆ గుమ్మం మీద పనితనం చూడు, రిమోట్ పనిచెయ్యట్లేదు... ఆయన కూడా మీలాగే ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటి, లిస్ట్ ఇవ్వండని ఎవరికో ఉత్తరం రాస్తాడు. మీరు ఇవేవీ బట్టీ పట్టలేదు. పక్కనున్న మాటల్ని బట్టి పోల్చుకున్నారు. ఇంగ్లీషులో చెయ్యాల్సిందీ అదే. వర్క్ ఒక్కదాన్నీ పట్టుకుని చూడకండి, దాని ఇరుగుపొరుగుని చూడండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సిన పొరుగు, పని చేస్తున్నది ఎవరు అనేది. మనిషైతే చాలాసార్లు శ్రమ. వస్తువో, ఆలోచనో, రోజో, మందో అయితే శ్రమతో సంబంధం లేదు, అనుకున్నది జరిగిందా లేదా అన్నదే ప్రశ్న. "ఐ వర్క్‌డ్ ఆల్ నైట్, బట్ ఇట్ డిడ్ నాట్ వర్క్" అనే వాక్యం చూడండి. రాత్రంతా కష్టపడ్డాను గానీ ఫలితం లేదు. ఒకే మాట, వాక్యం మొదట్లో కష్టం, చివర్లో ఫలితం. మీ మెయిల్లో పనిచెయ్యాల్సింది మీరు కాదు, మంగళవారం. ఆ ఒక్కటి గమనించి ఉంటే మీకా రాత్రి నిద్ర పట్టేది.

ఫలితం అనే ఈ రెండో కొమ్మలోనే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. కారణం మన దగ్గర మాటలు తక్కువై కాదు, ఎక్కువై. ఇంగ్లీషువాళ్లు ఒక్క వర్క్‌తో సరిపెట్టుకునే చోట మనకి ఒక్కో సందర్భానికి ఒక్కో క్రియ ఉంది. మందు గుణమిచ్చింది. ఎత్తు పారింది. ప్రయత్నం ఫలించింది. లిఫ్ట్ నడవట్లేదు. ఈ రంగు ఆ గోడకి నప్పలేదు. నా దగ్గర నీ పప్పులుడకవు. వీటన్నిటినీ ఇంగ్లీషులో చెప్పమంటే చాలామంది కొత్తకొత్త మాటలకోసం తల గోక్కుంటారు. అన్నిచోట్లా వర్క్ పెట్టి చూడండి, నిక్షేపంగా సరిపోతుంది. ఆ పప్పులుడకని వాడితో "దట్ వోంట్ వర్క్ ఆన్ మీ" అంటే చాలు. అలాగే ఇంగ్లీషు చదివేటప్పుడు ఈ మాట తగిలితే, ఇక్కడ తెలుగువాళ్లయితే ఏ క్రియ వాడతారని అడుగుతూ పోండి. కుదిరిందా, పారిందా, నప్పిందా, నడిచిందా. లిస్ట్ అడిగారు కదా, అదేదో మీ నోట్లోనే ఉంది.

ఇక మీ అమ్మాయి గొడవ. నాకు ఆ పిల్ల కోపం నచ్చింది. ఆ పాఠం చదివినప్పుడు నాకూ అదే మంట పుట్టింది. భౌతికశాస్త్రంలో వర్క్ అంటే, బలం ఎంతో దాన్ని ఆ బలం దిశలో వస్తువు కదిలిన దూరంతో గుణిస్తే వచ్చేది. బరువు కదలలేదంటే దూరం సున్నా, కాబట్టి గుణకారం సున్నా. ఈ మాటకి ఈ లెక్క అర్థాన్ని ఖాయం చేసినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్సుకి చెందిన కొరియోలిస్, 1829లో. తుపాను గాలుల సుడి గురించి చెప్పేటప్పుడు కొరియోలిస్ బలం అంటారే, ఆయనే. ఆయన ఆ పుస్తకం రాసింది యంత్రాల గురించి. అప్పటి ఇంజనీర్లకి కావలసింది యంత్రం ఎంత ఆయాసపడిందన్నది కాదు, ఎంత బరువుని ఎంత ఎత్తుకి లేపిందన్నది. అంతకుముందు ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ గుర్రపుశక్తిని కొలిచిందీ ఆ లెక్కలోనే, నిమిషానికి 33,000 పౌన్ల బరువుని ఒక అడుగు ఎత్తగలిగితే ఒక గుర్రం అని. అంటే సైన్సువాళ్లు వర్క్ అనే మాటలోని రెండు కొమ్మల్లో కష్టాన్ని వదిలేసి ఫలితాన్ని తీసుకున్నారన్నమాట. మనకి అన్యాయంగా అనిపించేది అందుకే.

అమ్మాయికి ఇంకో ముక్క కూడా చెప్పండి. గంట నిలబడితే అలసట వచ్చిందంటే అది అబద్ధం కాదు. కదలకుండా నిలబడ్డా లోపల కండరాల పోగులు బిగుసుకుంటూ సడలుతూ శక్తి ఖర్చు చేస్తూనే ఉంటాయి, అది వేడిగా పోతుంది. పుస్తకం సున్నా అన్నది నెత్తిమీది బరువుకి అందిన పనిని, మనిషి పడ్డ పాటుని కాదు. అదే 10 కిలోల సంచిని నేలమీంచి ఒక మీటరు ఎత్తు బల్లమీద పెడితే దాదాపు 98 జౌల్స్ పని చేసినట్టు లెక్క, జౌల్ అంటే పనిని కొలిచే కొలత. ఆ సంచినే గంటసేపు పట్టుకుని బల్ల పక్కన నిలబడితే ఇంకో జౌల్ కూడా కలవదు. పరీక్షలో ఇలాగే రాయమనండి, కోపం తరవాత పడొచ్చు.

సైన్సు దగ్గరికొచ్చాం కాబట్టి ఒక చుట్టాన్ని పరిచయం చేస్తాను. నాకిష్టమైన చుట్టం. వర్క్‌కి గ్రీకులో దాయాది ఉంది, 'ఎర్గాన్' అని. అక్కడా అర్థం పనే. సైన్సులో పనిని కొలిచే పాత కొలత ఎర్గ్ దాన్నుంచే వచ్చింది, కోటి ఎర్గులు ఒక జౌల్. ఎనర్జీలో ఉన్నదీ అదే. సర్జరీలో ఉన్నదీ అదే, గ్రీకులో దాని అసలు అర్థం చేతిపని. జార్జ్ అనే పేరు విప్పితే నేల మీద పనిచేసేవాడు, అంటే రైతు. ఇక గాలిలో నూటికి ఒక పాలు కన్నా కాస్త తక్కువగా ఉండే ఆర్గాన్ వాయువుని 1894లో కనిపెట్టినప్పుడు, అది దేనితోనూ కలవదు, దేనికీ స్పందించదు అని చూసి పెట్టిన పేరది. ఎర్గాన్ ముందు 'లేదు' అని చెప్పే అక్షరం చేర్చారు. అంటే పనిలేనిది. మీరు ఆ పెద్దాయన దగ్గర ఏ ముద్ర పడుతుందని భయపడ్డారో, ఆ ముద్రనే పేరుగా పెట్టుకుని ఆర్గాన్ దర్జాగా బతుకుతోంది. బల్బుల్లో, వెల్డింగుల్లో దాన్ని వాడేదే అది ఏ పనీ చెయ్యదని.

ఇంగ్లీషులోనే దాక్కున్న చుట్టాలు కూడా ఉన్నాయి. ఇప్పుడు వర్క్‌కి భూతకాలం వర్క్‌డ్ అంటున్నాం గానీ పాత రూపం 'రాట్', ఇంగ్లీషు స్పెల్లింగులో ముందు పలకని డబ్ల్యూ ఉంటుంది. రాట్ ఐరన్ గేట్లంటే సాగగొట్టి పనిచేసిన ఇనుము గేట్లని. 1844 మే 24న మోర్స్ తన టెలిగ్రాఫు తీగ మీద వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి పంపిన ప్రసిద్ధ సందేశం బైబిల్లోది, దేవుడు ఎంత పని చేశాడో అని. దాన్లో ఉన్న మాట ఈ 'రాట్' అనేదే. నాటకకర్తని ప్లేరైట్ అంటారు కదా, అందులోని రైట్‌కి రాయడంతో సంబంధం లేదు. పనివాడు, కట్టేవాడు అని అర్థం. ఓడలు కట్టేవాడు షిప్‌రైట్, నాటకం కట్టేవాడు ప్లేరైట్. 1903లో విమానం ఎగరేసిన రైట్ సోదరుల ఇంటిపేరూ ఇదే, పనివారు అని. ఎంత బాగా కుదిరిందో చూడండి.

ఇవి సరదాకి. మీ ఆఫీసులో అసలు పరువు తీసేది వేరే ఉంది, అంకెలు. శ్రమ అనే అర్థంలో వర్క్‌ని ఇంగ్లీషువాళ్లు లెక్కపెట్టరు, నీళ్లని లెక్కపెట్టనట్టే. మనం "నాకు మూడు పనులున్నాయి" అంటాం కాబట్టి "ఐ హావ్ త్రీ వర్క్స్ టుడే" అని రాసేస్తాం. లెక్కపెట్టే వర్క్ అంటే వాళ్లకి రచనో, చిత్రమో, శిల్పమో. ఒక రచయిత వర్క్స్ అంటే ఆయన రచనలు. కాబట్టి ఆ వాక్యం చదివినవాడికి మీరు ఇవాళ మూడు గ్రంథాలు వెలువరిస్తున్నారని వినిపిస్తుంది. "ఐ హావ్ ఎ వర్క్" అన్నా అంతే. "సమ్ వర్క్" అనండి, లేదా "త్రీ థింగ్స్ టు డూ" అనండి, తేలిగ్గా పోతుంది. ఎస్ చేరితే ఇంకో పక్కకీ పోతుంది సుమా. వాటర్ వర్క్స్, స్టీల్ వర్క్స్ అన్నప్పుడు అది కార్ఖానా. గడియారం వర్క్స్ అంటే లోపలి చక్రాలు. "ది వర్క్స్" అని ఊరికే అంటే సమస్తం అని.

మాట తరవాత వచ్చే చిన్న ముక్కలు కూడా చూసుకోండి. మనం అన్నిటికీ "లో" తగిలిస్తాం. ఇంగ్లీషులో ఎవరి కొలువులో ఉన్నారో చెప్పాలంటే "ఫర్", ఎవరితో కలిసి చేస్తున్నారో అయితే "విత్", ఏ వ్యవహారం మీద కూర్చున్నారో అయితే "ఆన్", ఏ హోదాలో అయితే "యాజ్". "ఐయామ్ ఎట్ వర్క్" అంటే ఆఫీసులో ఉన్నానని, అక్కడ టీ తాగుతూ ఉన్నా సరే. "వర్క్‌డ్ అప్" అంటే పని పూర్తయిందని కాదు, మనిషి టెన్షన్ పడి ఊగిపోతున్నాడని. మీ ఉత్తరం రాసేనాటికి మీరున్న స్థితి అది.

కొన్ని మాత్రం ఇరుగుపొరుగుని చూసినా దొరకవు, ఎక్కడో ఒకచోట దెబ్బ తిని నేర్చుకోవాల్సిందే. నా దెబ్బ చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, శిక్షణకి వచ్చిన ఒక విదేశీయుడు నా టేబుల్ మీది ఫైళ్లు చూసి "యూ హావ్ గాట్ యువర్ వర్క్ కట్ అవుట్" అన్నాడు. కట్ అన్నాడు కదా, పనిలో కోత పెట్టారని పొంగిపోయాను. వారంరోజులు తీరుబడిగా తిరిగాను. అసలు అర్థం, నీ ముందు కొండంత పని పడి ఉంది, కష్టమే అని. బట్ట కత్తిరించి కుట్టడానికి సిద్ధంగా ముందు పెట్టినట్టు ఊహించుకోండి, అప్పుడు గుర్తుంటుంది. వారం చివర పై ఆఫీసర్ పిలిచి ఏమన్నారో ఇక్కడ రాయను.

అలాంటివే ఇంకో రెండు. "షీ ఈజ్ ఎ పీస్ ఆఫ్ వర్క్" అని ఎవరైనా మీ గురించి అంటే థాంక్స్ చెప్పకండి, అది మెచ్చుకోలు కాదు, గయ్యాళి అన్నంత మాట. "వర్క్ టు రూల్" అంటే వినడానికి ఎంతో క్రమశిక్షణలా ఉంటుంది, నిజానికి అది ఉద్యోగుల నిరసన. రూల్సులో ఉన్నంతే చేస్తారు, ఒక్క వీసం ఎక్కువ చెయ్యరు, దాంతో మొత్తం వ్యవహారం నత్తనడకలో పడుతుంది. రూల్సు తు.చ. తప్పకుండా పాటిస్తే ఆఫీసులు ఆగిపోతాయన్న నిజాన్ని ఇంత నిబ్బరంగా ఒప్పుకున్న పదం నేనింకోటి చూడలేదు.

డిక్షనరీ చూడొద్దని మాత్రం అనుకోకండి. అర్థం కోసం కన్నా ఉదాహరణ వాక్యాల కోసం చూడండి. నిర్వచనాలు ఒక్కోసారి మనల్ని ఇంకా చీకట్లోకి తోస్తాయి. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో నెట్‌వర్క్ అనే మాటకి ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ నవ్వులపాలే. దారాలు ఒకదాన్నొకటి దాటే చోట్ల సమాన దూరాల్లో ఖాళీలు ఉండేట్టు అల్లినది అని చెప్పడానికి ఆయన వాడిన మాటలకి ఇంకో నిఘంటువు కావాలి. వలలా అల్లిన పని అంటే అయిపోయేది.

సారీ సంగతి. అక్కర్లేదమ్మా. ఆయన మీమీద కోపంగా లేరు, మీరు తలమునకలుగా ఉన్నారనుకుని వారం వాయిదా వేసుకున్నారు, అంతే. వివరణ రాస్తే అది మెయిల్లో నాలుగు పేరాలవుతుంది, అందులో వర్క్ ఎనిమిదిసార్లు వస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. దానికి బదులు ఈసారి ఆయన అడగకముందే మీరే రాయండి, "వుడ్ నెక్స్ట్ ట్యూజ్‌డే వర్క్ ఫర్ యూ?" అని. దానికాయన "ఐ హావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్ ఆన్ ట్యూజ్‌డే" అని జవాబిస్తే మాత్రం కంగారు పడకండి, ఆయనకి నిజంగానే పనుందని అర్థం.